నూట ఇరవై ఏడు పళ్ళ చక్రం

పీణ్య పారిశ్రామికవాడలో మా షెడ్డు చేతులు మారింది. దాన్ని ఖాళీ చేయించే పని మా చిన్నాయన కొడుకు రవి మీద పడింది. "అక్కా, ఒకసారి వచ్చి నీకేమన్నా కావాలంటే తీసుకొనిపో. ఆమైన నన్ను అనొద్దు" అని ఫోన్ చేశాడు. ఇనుప సామానుతో నాకేం పని? అయినా వెళ్ళాను. వెళ్ళానంటే ఒక్కదాన్నే వెళ్ళానని కాదు. నేనెక్కడికి వెళ్ళినా నా తమ్ముడు సూరి వెంట ఉండాల్సిందే, వాణ్ణి వదిలి కూరగాయలకు కూడా పోలేను. ఆటో ఎక్కినప్పటి నుంచి దిగేదాకా నా కొంగు చివర పట్టుకొనే కూర్చున్నాడు. అరవైకి దగ్గర పడిన మనిషి, తల పూర్తిగా నెరిసింది, నాకంటే జానెడు పొడుగు. ఆటో డ్రైవర్ అద్దంలోంచి మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. చూడనీ, అలవాటైపోయింది.

షెడ్డులో నాయన ఇనుము చెక్కిన లేత్ లేదు. అప్పటికే దాన్ని తూకానికి వేసేశారు. అది నిలబడిన చోట నేల మీద దాని కాళ్ళ గుర్తులు, వాటి చుట్టూ ఏళ్ళ తరబడి ఇంకిన నూనె మరక మిగిలాయి. వాసనను మాత్రం ఎవరూ తూచి తీసుకుపోలేకపోయారు. కాలే ఇనుము మీద నూనె కలిపిన నీళ్ళు పడితే లేచే ఆ పుల్లటి పొగ వాసన మా నాయన చొక్కాలోనూ తువ్వాలులోనూ, చివరికి ఆయన తాగి పెట్టిన కాఫీ లోటాలోనూ ఉండేది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. సూరి మాత్రం నా కొంగు వదిలి తిన్నగా మూలకు పోయాడు. గోనెపట్టా తీసి, కింద ఉన్న పాత చక్రాలను పక్కకు నెట్టి, అన్నింటిలోకీ పెద్దదాన్ని, అన్నం పళ్ళెమంత దాన్ని, రెండు చేతులా ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు.

"నాయనది" అన్నాడు.

"పోనీలేక్కా, తీసుకోనీ" అన్నాడు రవి, మొహం పక్కకు తిప్పుకొని. ఇప్పుడా చక్రం మా ఫ్లాటులో టీవీ పక్కన ఉంది. దాని చుట్టూ ఉన్నవి నూట ఇరవై ఏడు పళ్ళు. లెక్కపెట్టి చెప్పడం లేదు, చిన్నప్పుడే తెలుసు.

సూరి సంగతి ముందు చెప్పాలి. వాడు పాకే వయసులో మెదడుకు జ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ వాడి ఎదుగుదలను కూడా వెంట తీసుకుపోయింది. ఒళ్ళు పెరిగింది, బుద్ధి అక్కడే ఆగింది. మాటలు కొన్నే వచ్చాయి. వాటిలో వాడు దినమంతా వాడే మాట ఒక్కటే, "ఆమైన?" మా ఇంటి తెలుగులో ఆమైన అంటే ఆ తర్వాత. నిద్ర లేవగానే అడుగుతాడు. "మొగం కడుక్కోవాల." ఆమైన? "కాఫీ." ఆమైన? "స్నానం." తర్వాత ఏం జరగబోతుందో తెలిస్తే వాడంత నెమ్మదైన ప్రాణి లేదు. తెలియకపోతే మాత్రం తలను గోడకేసి కొట్టుకుంటాడు. ఉత్తుత్తి మాట చెప్పినా అంతే. దోసె అని చెప్పి ఉప్మా పెట్టామా, ఆ పూట గోడకు నెత్తురే. అందుకని మా ఇంట్లో చిన్నాపెద్దా అందరూ నిజమే చెప్పడం నేర్చుకున్నారు. సత్యవ్రతం పట్టి కాదు, సూరికి భయపడి.

ఇల్లు షెడ్డు వెనక సందులో ఉండేది. తెల్లవారుజామునే మా అవ్వ పెద్ద కుండలో రాగి సంగటి గెలికేది. కట్టెతో ఆమె గెలికే చప్పుడూ, షెడ్డులో నాయన లేత్ తిప్పే చప్పుడూ ఒకదాని వెంట ఒకటి మొదలయ్యేవి. మధ్యాహ్నం నాయన భోజనానికి వస్తే అమ్మ ఇత్తడి చెంబులో నీళ్ళు, రంపపు పొట్టు, సబ్బు ముక్క పట్టుకొని వాకిట్లో నిలబడేది. పొట్టుతో రుద్దితే గానీ ఆ చేతుల జిడ్డు వదలదు. ఎంత రుద్దినా గోళ్ళ సందుల్లో నల్లగానే ఉండేది, ఆ చేతులతోనే సంగటి ముద్ద తుంచి గొజ్జులో అద్దుకొనేవాడు. ఇంట్లో ఎక్కడ చూసినా సన్నటి ఇనుప తరుగులు. రాత్రి పక్క దులిపితే రాలేవి, పిల్లల అరికాళ్ళలో దిగేవి. మా చిన్నమ్మ పిన్నీసు పట్టుకొని మమ్మల్ని వరసగా కూర్చోబెట్టి తీసేది. నొప్పి అంటే "గమ్మనుండు, దబ్బనం గాదు గదా" అని కసిరేది.

సూరిని చూసుకోవడానికి వంతులుండేవి. వంతు ఉన్న మనిషి ఆ దినమంతా వాడి ప్రశ్నలకు బదులు చెప్పాలి. వాడు గోడకేసి పోతే తలకూ గోడకూ మధ్య తన చెయ్యి పెట్టాలి. వాణ్ణి పట్టి లాగితే ఇంకా రెచ్చిపోతాడని, చెయ్యి అడ్డం పెట్టే ఉపాయం మా అమ్మ కనిపెట్టింది. ఈ వంతులను మొదట అవ్వే వేసింది, సోమవారం ఫలానా వాళ్ళు, మంగళవారం ఫలానా వాళ్ళు అని. ఆదివారం అమ్మకు పడింది. ఆదివారం షెడ్డుకు సెలవు. లేత్ చప్పుడు ఉండదు. ఆ చప్పుడు లేకపోతే సూరికి దినం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసేది కాదు, వారమంతా అడగనన్ని సార్లు ఆ ఒక్కరోజే అడిగేవాడు. సోమవారం పొద్దునకు అమ్మ చేతి వెనక కణుపులు వాచి ఉండేవి. ఒక సోమవారం ఆ చేత్తో చెంబు పట్టుకోలేక వదిలేసినప్పుడు నాయన చూశాడు.

ఆ సాయంత్రమే రెండు చక్రాలు ఇంటికి తెచ్చి అవ్వ ముందు పెట్టాడు. చిన్న చక్రంలో ఒక పంటికి అవ్వ కుంకుమ భరిణెలోంచే కుంకుమ తీసి అద్దాడు.

"చూడమ్మా, ఈ పన్ను వంకర పోయిండాది అనుకో. పెద్ద చక్రంలో దీనికి సరిగ్గా రెండింతలు పండ్లు ఉండాయి. తిప్పుతా చూడు. ఇది తిరిగి తిరిగి ఆ రెండు పండ్లనే కొడతాది. అవి రెండూ అరిగి చస్తాయి, మిగిలినవి కొత్త పెండ్లికొడుకుల మాదిరి ఉంటాయి. అదే, రెండు లెక్కలనూ మిగులు లేకుండా భాగించి తెంపే సంఖ్య ఏదీ లేకుంటే, ఈ వంకర పన్ను పోయి పోయి ప్రతి పంటినీ ఒకసారి కొట్టి ఆమైనే మొదటిదాని దగ్గరికి వస్తాది. ఎవురికీ ఎక్కువ లేదు, ఎవురికీ తక్కువ లేదు."

"ఇంట్లో మనుషులను చక్రాలు జేస్తాండావా?" అంది అవ్వ.

"వారానికి ఏడు. మనం పదకొండు మందిమి. ఏడునూ పదకొండునూ కలిపి తెంపేది ఏదీ లేదు. వారం పేరు తీసేయ్. వంతు వరసగా పోనీ. ఆదివారం అందరికీ వస్తాది."

ఆ పదకొండు మంది ఎవరంటే, అవ్వ, నాయన, అమ్మ, చిన్నాయన, చిన్నమ్మ, వాళ్ళ పిల్లలు ముగ్గురు, మా అత్త, మా అక్క, నేను. పాలపళ్ళు ఊడని రవికి కూడా వంతు ఉండేది, పక్కన పెద్దవాళ్ళు ఒకరు కూర్చునేవాళ్ళనుకోండి. అప్పటి నుంచి ఇంట్లో ప్రతి చేతికీ కణుపులు కమిలేవి, ఏ చెయ్యీ వాచేది కాదు. నేను ఎన్ని సంఘాలూ సభలూ చూశానో గానీ, కష్టాన్ని అంత న్యాయంగా పంచిన ఏర్పాటును మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఆదివారం నా వంతు వచ్చినప్పుడు మాత్రం నాయన లెక్కలను తిట్టుకొనేదాన్ని, అది వేరే విషయం.

నూట ఇరవై ఏడు పళ్ళ చక్రాన్ని నాయన తక్కిన చక్రాలతో కలిపి పెట్టేవాడు కాదు. పాత పంచె ముక్కలో చుట్టి విడిగా పెట్టేవాడు. మా లేత్ అంగుళాల కాలంది. వచ్చే పనులేమో మిల్లీమీటర్లవి. అయిదు అంగుళాలు సరిగ్గా నూట ఇరవై ఏడు మిల్లీమీటర్లట. ఆ చక్రం తగిలిస్తేనే మా లేత్ మిల్లీమీటర్ల కొలతలో బోల్టులకు మర కోసేది. "అరవై పండ్లది పగిలిపోతే చిన్నవి రెండు జతగట్టి దాని పని జేయించొచ్చు. దీనికి బదులు ఏదీ లేదు పాపా. దీన్ని ఏదీ తెంపదు" అన్నాడు ఒకసారి. నమ్మక నేను పలక మీద భాగించి చూశాను. రెండుతో ఒకటి మిగిలింది, మూడుతో ఒకటి, అయిదుతో రెండు, ఏడుతో మళ్ళీ ఒకటి. "పదకొండు జూసి ఆపేయ్. పదమూడు పదమూండ్లు దీన్ని దాటిపోతాది" అన్నాడు. పదకొండుతో ఆరు మిగిలింది.

నాయనకు ఈ పిచ్చి హైస్కూల్లో లెక్కల మేష్టరు అంటించింది. చదువు అక్కడితో ఆగినా పిచ్చి ఆగలేదు. ఆ మేష్టరు చెప్పిన వరస ఒకటి ఆయనకు ప్రాణం. రెండు తీసుకో. రెండు రెండ్లను గుణించి ఒకటి తీసెయ్యి, మూడు. మూడు రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చిన ఎనిమిదిలోంచి ఒకటి తీసెయ్యి, ఏడు. ఏడు రెండ్లను గుణించి ఒకటి తీసెయ్యి, మన చక్రం, నూట ఇరవై ఏడు. ఏ మెట్టు మీద చూసినా దేనికీ తెగని సంఖ్యే. ఆ పై మెట్టు నూట ఇరవై ఏడు రెండ్లను గుణించి ఒకటి తీసెయ్యడం. అది ముప్ఫై తొమ్మిది అంకెల సంఖ్య, అదీ దేనికీ తెగదట. నూరేళ్ళకు ముందే ఎవరో మహానుభావుడు చేత్తోనే లెక్కగట్టి తేల్చాడట. ఇదే పద్ధతిలో నాయన మా ఇంటి పదకొండును కూడా వేసి చూశాడు. రెండు వేల నలభై ఏడు వచ్చింది. కొన్నాళ్ళు దాంతో కుస్తీ పట్టి, ఒకరోజు చిన్నబోయిన మొహంతో వచ్చాడు. "తెగిపోయిందే. ఇరవై మూడు ఎనభై తొమ్మిదులు" అని అమ్మతో చెప్పాడు. "తెగితే తెగనీ, సంగటి చల్లారిపోతాంది" అంది అమ్మ.

ఆ ముప్ఫై తొమ్మిది అంకెలూ నాయనకు కంఠతా వచ్చు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక, ఎవరి వంతైనా సరే, సూరిని చాప మీద పడుకోబెట్టే పని నాయనే చేసేవాడు. ఆ వేళకు మా అందరి దగ్గరా జవాబులు అయిపోయేవి. కాఫీకి ఇంకా పొద్దుంది, ఆమైన ఏమని చెప్పాలి? నాయన వాడి వీపు మీద చెయ్యి వేసి "రెండు" అనేవాడు. ఆమైన? "మూడు." ఆమైన? "ఏడు." ఆమైన? "నూట ఇరవై ఏడు." ఆమైన? అప్పుడు అష్టోత్తరం చదివినట్టు, మూడేసి అంకెలుగా నిదానంగా ఎత్తుకొనేవాడు. నూట డెబ్భై... నూట నలభై ఒకటి... నూట ఎనభై మూడు... నాలుగు వందల అరవై... సగం దాటేసరికి సూరి గురక పెట్టేవాడు. నాయన మాత్రం ఆపకుండా చివరిదాకా చెప్పి లేచేవాడు. ఆ సంఖ్య అయిపోయాక "ఆమైన?" అని సూరి ఏనాడూ అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడో నాయన్ని నేనూ అడగలేదు.

ఇల్లు ఒక్కసారిగా చెదరలేదు. అక్క పెళ్ళయి పోయింది. అవ్వ పోయింది. అత్త పోయింది. చిన్నాయన పెద్ద కూతురు కూడా పెళ్ళయి పోయేసరికి మిగిలింది ఏడుగురం. ఏడుగురు, ఏడు రోజులు. ఆదివారం మళ్ళీ అమ్మ దగ్గరే స్థిరపడింది. నాయన ఒక వారం చూసి, "నరసింహస్వామిని ఎనిమిదోవాడిగా కలుపుతాండా. స్వామికీ ఒక వంతు" అని తేల్చాడు. లెక్క ప్రకారం అంతా సవ్యంగానే నడిచింది. స్వామి వంతు వచ్చిన రోజున స్వామి పటంలోనే ఉన్నాడు, ఆయన వంతు ఎవరు చేశారో ఆడవాళ్ళు చదివితే చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత చిన్నాయన వాళ్ళు వేరు పోయారు, నాయన కాలం చేశాడు. అమ్మా నేనూ దినం విడిచి దినం వంతులు వేసుకున్నాం. నా ఉద్యోగం, నా కథలు, అన్నీ అమ్మ వంతు రోజుల్లోనే నడిచాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని సభల్లో అడిగేవాళ్ళకు సాహిత్యం మీద మక్కువ అని చెప్పేదాన్ని. వాళ్ళు సూరి కాదు కదా, అబద్ధం చెప్పినా తల కొట్టుకోరు. ఆ అమ్మా పోయింది. ఇప్పుడు నేనొక్కదాన్ని. ఒకటిని ఈ తెగని సంఖ్యల్లో కలపరని నాయన చెప్పేవాడు. తెగే వాటిలోనూ కలపరట. ఎక్కడా చేరని లెక్క అది.

ఎవరిని తప్పుపట్టను? అక్క ఇంట్లో, రవి ఇంట్లో ఎవరి కష్టాలు వాళ్ళకున్నాయి. రవి రెండో అక్క ప్రభ కాడుగోడిలో ఉంటుంది, ఆదివారం తప్పకుండా ఫోన్ చేస్తుంది. "అక్కా, నీకు మోకాళ్ళు పోయినాయి. నీకేమన్నా అయితే వాన్ని ఎవురు చూస్తారు? జిగణి పక్కన ఇట్లాంటోళ్ళను పెట్టుకొనే హోమ్ ఒకటి ఉండాదంట, పోయి చూసి రా" అని పోరి పోరి పంపింది. పోయాం. శుభ్రంగా ఉంది. చెట్లున్నాయి. అక్కడి మేనేజరమ్మ మంచిదే, సూరికి బిస్కెట్టు కూడా ఇచ్చింది. "మేము బాగా చూసుకుంటామమ్మా. ఇంతమందిలో ఒకరి ప్రశ్నకు దినమంతా బదులు చెప్పేకి మాత్రం ఎవురుంటారు చెప్పండి? గలాటె జేస్తే మాత్ర ఇస్తాము, గమ్మనైపోతారు" అంది. నిజమే చెప్పింది, అందుకు ఆమెను గౌరవిస్తాను. అరవై దాటినవాళ్ళను కొత్తగా చేర్చుకోరట, సూరికి వచ్చే నెలలో అరవై నిండుతాయి. చేర్చేదీ లేనిదీ సోమవారానికి చెప్పమంది. తిరిగి వచ్చే దారంతా వాడు నన్ను "ఆమైన?" అని అడుగుతూనే ఉన్నాడు. "ఇల్లు" అంటూనే ఉన్నాను.

చక్రం ఇంటికి వచ్చినప్పటి నుంచి వాడికి నాయన మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. అన్నం తినగానే దాని మీద చెయ్యి వేసి "రెండు" అని నా వంక చూస్తాడు. మూడు, ఏడు, నూట ఇరవై ఏడు దాకా నాకు ఇబ్బంది లేదు. ఆ తర్వాత నాలుగు వందల అరవై దగ్గర ఆగిపోతాను. నాయన తర్వాత అమ్మ ఆ సంఖ్యను చివరిదాకా చెప్పేది. ఆమె ఉంది కదా అని నేను నేర్చుకోలేదు. సూరి చెవికి ఆ కొరత వెంటనే తెలిసిపోతుంది. మొన్న ఆదివారం, అంటే జిగణికి బదులు చెప్పాల్సిన రోజుకు ముందు రోజు, పక్క ఫ్లాటు అమ్మాయి లహరిని పిలిచాను. గుంటూరు పిల్ల, కంప్యూటర్ ఉద్యోగం. నూట ఇరవై ఏడు రెండ్ల లెక్క చెబితే ఫోనులో క్షణంలో తీసింది.

"ఇదేనా ఆంటీ? టూ పవర్ వన్ ట్వంటీసెవెన్ మైనస్ వన్. బాబోయ్, మీ ఫాదర్ ఇది బైహార్ట్ చేశారా!"

"దీని తర్వాతిది కూడా ఉంటుంది కదమ్మా? ఇన్ని రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే? అది తెగుతుందా, తెగదా?"

లహరి కాసేపు చదివింది. "ఎవరికీ తెలీదంట ఆంటీ. అసలు ఆ నంబర్ రాయడానికి ప్రపంచంలో ఉన్న పేపరంతా చాలదంట. చిన్న చిన్న వాటితో డివైడ్ చేసి చూశారు, దేనికీ పోలేదంట. అంతే. ఏ కంప్యూటర్‌కీ కుదరదంట." అని నవ్వింది. ఆ అమ్మాయికి అది వింత. వెళ్తూ వెళ్తూ క్యాలెండరు కాగితం వెనక పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. 170 141 183 460 469 231 731 687 303 715 884 105 727.

సూరిని చాప మీద పడుకోబెట్టి, వీపు మీద చెయ్యి వేసి మొదలుపెట్టాను. రెండు అన్నాను, మూడు అన్నాను. చక్రం దాకా వచ్చి కాగితం చూస్తూ నిదానంగా చదివాను. నాలుగు వందల అరవై దాటగానే వాడి ఒళ్ళు వదులైంది, కళ్ళు మూసుకున్నాడు. ఏడు వందల ముప్ఫై ఒకటి. ఆరు వందల ఎనభై ఏడు. నాయన ఉన్నప్పుడైతే ఇక్కడ గురక. ఇప్పుడు వాడూ ముసలివాడయ్యాడు, ముసలివాళ్ళకు నిద్ర ఎక్కడిది? నూట అయిదు. ఏడు వందల ఇరవై ఏడు. కాగితం అయిపోయింది. సూరి కళ్ళు తెరిచాడు.

"ఆమైన?"

కాఫీ అని ఉండవచ్చు. వాడు అడిగింది కాఫీ గురించి కాదని మా ఇద్దరికీ తెలుసు. రేపు సోమవారం. జిగణి మేనేజరమ్మ అడిగితే ఏం చెప్పాలో, నేను పోయాక వీడికి పొద్దున్నే మొగం కడుక్కోవాలని ఎవరు చెబుతారో, మాత్ర వేస్తే వీడు అడగడం మానేస్తాడో లేక లోపల్లోపల అడుగుతూనే ఉంటాడో. వాడికి అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు.

"తెల్దు సూరీ" అన్నాను. "ఎవురికీ తెల్దు."

ఆ మాట మా ఇంట్లో వాడికి ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. వాడు నా మొహం వైపు చూసి, లేచి కూర్చొని, గోడ వైపు తిరిగాడు. నేను గబగబా జరిగి వాడి నుదుటికీ గోడకూ మధ్య చెయ్యి పెట్టాను. మొదటి దెబ్బ కణుపుల మీద పడింది, రెండోదీ పడింది. మూడోసారి నుదురు నా అరచేతిలోనే ఆనించి ఆగిపోయాడు. ఊపిరి వేడిగా తగులుతోంది.

"ఆమైన?" అన్నాడు, నా చేతిలోకి.